అమ్మడి గొంతు మింగిన డబ్బా

స్పీకరుకు మనుషులు తెలియరు. ముప్పయ్యేళ్ళుగా ఈ రిపేరు పనిలోనే ఉన్నాను, ఈ ఒక్క సంగతి మాత్రం నాకు ఖాయంగా తెలుసు. దాని లోపల ఒక అయస్కాంతం, ఒక తీగచుట్ట, ఒక కాగితం గిన్నె ఉంటాయి. కరెంటు వస్తే గిన్నె ఊగుతుంది, రాకపోతే ఊరుకుంటుంది. ఫలానావాళ్ళ గొంతు నచ్చింది, ఫలానావాళ్ళది నచ్చలేదు అని ఎంచుకునే తెలివి దానికి ఎక్కణ్ణుంచి వస్తుంది? మీరే చెప్పండి. మా అమ్మాయి మాత్రం వచ్చిందంటుంది.

"డ్రమ్ములు వస్తున్నాయి నాన్నా. గిటారు వస్తోంది. చప్పట్లు వస్తున్నాయి. నా గొంతు ఒక్కటే రావట్లేదు."

"స్పీకరు నీ మీద పగబట్టిందా ఏంటి అమ్మడూ? దానికి నువ్వూ ఒకటే, చప్పట్లూ ఒకటే."

"మరి ఎందుకు రాదు?"

"ఎందుకు రాదో నేనూ చూస్తా" అన్నాను. ఆ మాట అని మూడు వారాలైంది. ఈ మూడు వారాల్లో నా తల ప్రాణం తోకకొచ్చింది.

ముందు ఆ డబ్బా సంగతి చెప్పాలి. చంకలో ఇమిడే పుస్తకమంత ఉంటుంది. పైన పదహారు రబ్బరు బొత్తాలు. ఒకటి నొక్కితే డోలు, ఒకటి నొక్కితే తాళం, ఒకటి నొక్కితే గాజుగ్లాసు పగిలిన చప్పుడు. పక్కన మైకు తగిలించి పాడితే ఆ పాటనూ దాచుకుంటుంది. అన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోతే చివరికి పాటవుతుంది. బ్యాటరీలతో నడుస్తుంది. అడుగున గుప్పెడంత స్పీకరు, అదీ ఒక్కటే. నేను రిపేరు చేసే పెద్ద పెద్ద ఆంప్లిఫయర్ల పక్కన పెడితే నవ్వొస్తుంది. అమ్మడు మాత్రం రెండేళ్ళుగా దాన్ని కింద పెట్టలేదు.

ఇప్పుడు ఆ గుప్పెడు స్పీకరు మీదే మా అమ్మాయి భవిష్యత్తు వేలాడుతోంది. బళ్ళలో, పార్కుల్లో, ఆసుపత్రి ఆవరణల్లో నాటకాలు వేసే బృందం ఒకటుంది. దాన్ని నడిపే మేష్టారికి ఒక పట్టింపు. వైర్లు వద్దు, పెద్ద పెట్టెలు వద్దు, ప్లగ్గు కోసం ఎవర్నీ బతిమాలేది లేదు, సంగీతం చంకలో పెట్టుకుని నడిచి రావాలి. పాత్రలు ఆడుతుంటే పాట ఆ డబ్బాలోంచే రావాలి. పాటలు కట్టి పాడే మనిషి కావాలని వెతుకుతుంటే అమ్మడి సంగతి ఎవరో చెప్పారు. అమ్మడికి వేరే ఉద్యోగాలు రాక కాదు. వచ్చిన రెండూ వదిలేసింది. ఇది వస్తే చాలు నాన్నా, ఇంకేమీ అడగను అంది. చిన్నప్పట్నుంచీ నన్ను ఏదీ అడగని పిల్ల అది.

అంత ఆశపడి వెళ్తే ఏమైంది? పది మంది గుండ్రంగా కూర్చున్నారట. బొత్తం నొక్కిందట. డోలు మోగింది, చప్పట్లు మోగాయి, గొంతు రావాల్సిన చోట ఏమీ లేదు. గోడ అవతల ఎవరో గొణిగినట్టు ఉందట. అందరూ మర్యాదగా తలలూపారట. మొహం వేలాడేసుకుని ఇంటికొచ్చింది.

నేను డబ్బా తిప్పి చూడగానే విషయం అర్థమైపోయిందనుకున్నాను. ఆ వారమే అది బల్ల మీంచి కింద పడింది. మూల చితికింది. దానితోపాటే మైకు వైరూ తెగింది. ఆ వైరు బజార్లో కొన్న నాసిరకం, దారప్పోగులా ఉండేది. చెత్తబుట్టలో పారేసి, నా చేత్తో లావుపాటి వైరు తెచ్చి, రెండు చివర్లా టంకం పెట్టి కొత్తది చేసిచ్చాను. డబ్బా కింద పడింది, స్పీకరు దెబ్బతింది. ఇందులో ఇంకా ఆలోచించడానికేముంది?

హెడ్‌ఫోన్లు దూర్చే రంధ్రం లోపల చిన్న రేకు ఉంటుంది. హెడ్‌ఫోన్లు పెట్టగానే ఆ రేకు జరిగి స్పీకరును ఆపేస్తుంది. తీసేశాక కూడా ఒక్కోసారి అది సగంలో ఇరుక్కుపోతుంది. ముందు దాన్ని శుభ్రం చేశాను. బ్యాటరీలు మార్చాను. సెట్టింగుల్లో స్పీకరు అనే చోట ఆన్ అనే ఉందా అని మూడుసార్లు చూశాను. డోలు దడదడలాడింది. "ఇదిగో, అయిపోయింది" అన్నాను.

"నా గొంతు?"

"అబ్బా! డోలు వస్తే గొంతు రాదా?"

రాలేదు. స్పీకరు మార్చాను. డోలు ఇంకా బాగా వచ్చింది, గొంతు రాలేదు. హెడ్‌ఫోన్లు పెట్టి వింటే గొంతు శుభ్రంగా ఉంది, రెండు చెవుల్లోనూ ఉంది. తీసేసి స్పీకరులో వింటే మాయం. ఒళ్ళు మండిపోయింది. పక్కనున్న కళ్ళద్దాల షాపాయన తన రేడియో కోసం వస్తే ఆయన మీద అరిచాను. ఆ పెద్దమనిషి నేను ఏమీ అనకముందే క్షమించమన్నాడు, అది ఇంకా చిరాకు. మూడో స్పీకరు వేశాను. దాన్ని నడిపించే చిప్పు కూడా పీకి కొత్తది పెట్టాను. ఆ పాట హెడ్‌ఫోన్లలో, స్పీకరులో రోజుకు పదిహేనుసార్లు, ఇరవైసార్లు మోగించాను. గర్‌ర్‌మని వస్తోందా, చిటపటలాడుతోందా, గిన్నె ఒరుసుకుంటోందా అని చెవి దానికే ఆనించి కూర్చున్నాను. అన్నీ బాగున్నాయి.

అమ్మడు రెండోసారి మేష్టారి దగ్గరికి వెళ్ళింది. మళ్ళీ అదే తంతు. "గొంతు తేలట్లేదమ్మా" అన్నాడట ఆయన. వచ్చి డబ్బా నా బల్ల మీద పెట్టి, "బాగైందన్నావుగా నాన్నా" అంది.

అంతే, నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. వారం రోజులు తిండి కూడా సరిగ్గా తినకుండా పని చేశాను, పైగా నన్నే అడుగుతుందా?

"స్పీకరులో లోపం లేదు. చిప్పులో లోపం లేదు. నా పనిలో అసలే లేదు. నీ గొంతే సన్నం. ఆ డోలు ముందు నిలబడలేకపోతోంది. దానికి నేనేం చెయ్యను?"

అమ్మడు షాపు పైనే ఉన్న మా ఇంటికి వెళ్ళింది, అన్నం తింది, కంచం కడిగి బోర్లించింది. ఆ తర్వాత పది రోజులపాటు డబ్బా మాట ఎత్తలేదు. స్నానాల గదిలో పాట కూడా ఆగిపోయింది. నేను గమనించలేదని కాదు. గమనించాను, హమ్మయ్య, పీడ వదిలిందనుకున్నాను. అదీ నేను చేసిన ఘనకార్యం.

ఇవాళ పొద్దున పదకొండింటికి షాపులో మా ఆవిడ సామాన్లకు చీటీలు అంటిస్తోంది. పేరు, తేదీ, జబ్బు రాసి అంటించే పని తనదే. బల్ల చివర డబ్బా పడి ఉంటే దుమ్ము తుడుద్దామని తీసింది. గుడ్డ తగిలి ఏదో బొత్తం నొక్కుకుంది.

"ఎన్నిసార్లు పిలవాలే నిన్ను! తినడానికి రా! రా! రా! తినడానికి రా!"

డోలు దెబ్బల మీద మా ఆవిడ గొంతు షాపంతా మారుమోగింది. నేను టంకం కడ్డీ జారవిడిచాను. అమ్మడు కిందటేడు సరదాకి వాళ్ళమ్మ కేకల్ని రికార్డు చేసి పాటగా కట్టింది. ఆ రోజు ఇంటిల్లిపాదీ పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం.

మా ఆవిడ గుడ్డ పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "ఏమండీ, నా గొంతు వస్తోందిగా?"

"వస్తోంది."

"దాని గొంతు రాని స్పీకరులో నా గొంతు ఎలా వస్తోంది?"

"నీ గొంతు ఎక్కడైనా వస్తుందిలే" అని వేళాకోళంగా అన్నాను గానీ డబ్బా ఆమె చేతిలోంచి లాక్కున్నాను. అదే స్పీకరు, అదే చిప్పు, అదే డోలు. తల్లి గొంతు గోడలు దద్దరిల్లేలా వచ్చింది, కూతురి గొంతు రావట్లేదు. తల్లి గొంతు ఎప్పటిది? కిందటేటిది. అప్పటికీ ఇప్పటికీ ఏం మారింది? డబ్బా పడింది. పడితే పాతదీ రాకూడదు కదా. ఇంకేం మారింది?

వైరు మారింది. అమ్మడి పాట కొత్త వైరుతోనే రికార్డైంది.

వైరు చేతిలోకి తీసుకుని, చివర తొడుగు విప్పి చూశాను. టంకం ముత్యాల్లా మెరుస్తోంది. మూడు తీగలూ చక్కగా, ఎక్కడివక్కడ. అక్కడే ఉంది నా నెత్తిన పడ్డ పిడుగు. మైకులోంచి గొంతు రెండు తీగల మీద వస్తుంది, మూడోది నేలతీగ, అదే ఎర్తు. ఆ రెండింట్లో ఒకదాని మీద గొంతు, రెండోదాని మీద అదే గొంతు తలకిందులుగా. పెద్ద మిక్సర్లకు అలాగే కావాలి, నేను ముప్పయ్యేళ్ళుగా అలాగే చేస్తున్నాను. ఈ డబ్బాకు ఆ సంగతి తెలియదు. ఒక తీగను ఎడమ చెవి అనుకుంది, రెండోదాన్ని కుడి చెవి అనుకుంది. హెడ్‌ఫోన్లలో చెవికొకటి వెళ్తుంది కాబట్టి రెండిట్లోనూ గొంతు వినిపిస్తుంది. అడుగున స్పీకరు ఒక్కటే కదా, ఎడమా కుడీ కలిపి దానికే ఇస్తుంది. ఒకటి గిన్నెను ముందుకు తొయ్యమంటుంది, రెండోది సరిగ్గా అప్పుడే వెనక్కి లాగమంటుంది. గిన్నె ఎటూ కదలకుండా కూర్చుంటుంది. బజారు వైరులో అసలు రెండో తీగ లేదు, పిసినారితనంతో మానేశారు. అందుకే అది పని చేసింది. నాది ఎక్కువ పనితనం, అందుకే చేయలేదు.

ఆ రెండో తీగ పీకి నేలతీగకు కలపడానికి నాకు నాలుగు నిమిషాలు పట్టింది. రెండు స్పీకర్లు మార్చిన చేతులివే.

"ఏమైందండీ?" అంది మా ఆవిడ.

"అమ్మడి గొంతుకి ఏ లోపమూ లేదు. నాదే తప్పు."

మా ఆవిడ చీటీలు పక్కన పెట్టింది. "పైకి వెళ్ళి ఆ మాట దానికి చెప్పండి. నాకెందుకు చెబుతారు?"

మెట్లు రెండేసి చొప్పున ఎక్కాను. అమ్మడు కిటికీ దగ్గర బట్టలు మడతపెడుతోంది. వైరు చూపించి, గబగబా అంతా చెప్పాను. ఎడమ, కుడి, ముందుకు, వెనక్కి, అన్నీ. "నువ్వు పాడిన పాట పాడైపోలేదమ్మడూ. రెండు పక్కల్లో ఒకటి మూసేస్తే చాలు, స్పీకరులో గంటలా మోగుతుంది. పద, వినిపిస్తా."

"చెరిపేశాను నాన్నా" అంది.

"ఏంటి?"

"పొద్దున్నే కిందికి వచ్చి చెరిపేశాను. డబ్బాలో చోటు చాలదు కదా. రేపట్నుంచి ఇంకో అమ్మాయి పాడుతుంది. నేను పాటలు కట్టి బొత్తాలు నొక్కుతాను. నాలుగింటికి మేష్టారు వచ్చి తాళం విని ఖాయం చేసుకుంటారు. నేనే చెప్పాను ఆయనకి, నా గొంతు సన్నం, పనికిరాదని."

ఆ చివరి మాట ఆమె నింపాదిగా, చొక్కా మడతపెడుతూ అంది. గొంతు సన్నం అన్నది నా మాటే.

"అప్పుడు నాకు తెలీదమ్మా. కోపంలో అన్నాను."

"కోపంలో అన్నావని తెలుసు. నిజమేననుకున్నాను. నీకు స్పీకర్ల సంగతి తెలుసు కదా."

గడియారం చూస్తే పదకొండున్నర. నాలుగింటికి నాలుగున్నర గంటలున్నాయి. ఎంతసేపు బతిమాలానో, ఏమేం అన్నానో నాకే గుర్తులేదు. నా జన్మలో అంతగా ఎవర్నీ బతిమాలలేదు. మధ్యాహ్నం రెండు దాటాక, నా పోరు పడలేక కాబోలు, కిందికి వచ్చింది. షాపు మధ్యలో కుర్చీ వేసి, మైకు పెట్టి, వైరు తగిలించి, డబ్బా ముందు కూర్చున్నాను. గొంతు ఎంత గట్టిగా ఉందో చూపించే డబ్బా మీది లైట్లు ఎక్కడిదాకా వెలుగుతున్నాయో చూస్తూ, "ఊఁ, కానియ్" అన్నాను.

పాడింది. ఒక చరణం పాడి ఆపింది. స్పీకరులో వినిపించాను. వచ్చింది. అడ్డేమీ లేదు, మాయమూ లేదు. ఒక్కో అక్షరం వచ్చింది, సన్నగా, వణుకుతూ, ఎవరైనా వింటారేమోనని భయపడుతున్నట్టు. డోలు మోగగానే దాని వెనకాలకి పోయి దాక్కుంది.

"చూశావా" అంది అమ్మడు. నన్ను దెప్పలేదు. అదే నాకు ఎక్కువ బాధనిపించింది.

"ఇంకోసారి. మైకు దగ్గరికి జరుగు. నడుం నిటారుగా పెట్టు. ఊపిరి గట్టిగా పీల్చు. అలా కాదు, భుజాలు ఎందుకు ఎత్తుతావ్? మళ్ళీ!"

రెండోసారి ఇంకా సన్నగా వచ్చింది. మూడోసారి సగంలో ఆగిపోయింది. లైట్లు రెండు దాటి వెలగట్లేదు. నేను మైకు మార్చాలేమోనని లేచాను. మా ఆవిడ అడ్డంగా వచ్చి నిలబడింది.

"మీరు బయటికి నడవండి."

"నేను లేకపోతే రికార్డు ఎవరు చేస్తారు?"

"ఎర్ర బొత్తం నొక్కడమేగా, రెండేళ్ళుగా అదే నొక్కుకుంటోంది. మీరు ఎదురుగా కూర్చుని గుడ్లురుముతుంటే నాకే మాట పెగలదు, అది ఎలా పాడుతుంది? నడవండి బయటికి!"

నా షాపులోంచి నన్నే గెంటేసింది. షట్టరు మూడొంతులు కిందికి లాగేసింది. మిట్ట ఎండలో, చేతిలో స్క్రూడ్రైవరుతో, ఫుట్‌పాత్ మీద నిలబడ్డాను. కళ్ళద్దాల షాపాయన తలుపులోంచి తొంగి చూసి, నా మొహం చూసి మళ్ళీ లోపలికి వెళ్ళిపోయాడు. మిక్సీ పట్టుకుని ఒకావిడ వస్తే, రేపు రమ్మని చేత్తోనే చెప్పాను. లోపల పాట వినపడట్లేదు. తల్లీకూతుళ్ళు ఏదో మాట్లాడుకుంటున్నారు. మధ్యలో ఒకసారి అమ్మడు ముక్కు చీదింది. ఏడుస్తోందని తెలిసింది. లోపలికి వెళ్ళే మొహం లేక అక్కడే నిలబడ్డాను.

నాలుగు కాకముందే మేష్టారు స్కూటరు మీద దిగాడు. బక్కపల్చటి మనిషి, మెడలో రంగువెలిసిన సంచి. "ఏంటండీ, షట్టరు దించేశారు? అమ్మాయి ఉందా?" అంటూ వంగి లోపలికి దూరబోయాడు. చెయ్యి అడ్డం పెట్టాను.

"ఆగండి మేష్టారూ. ముందు నేనొక మాట చెప్పాలి. మీ ముందు రెండుసార్లు గొంతు రాకపోవడానికి కారణం నేను. వైరు నేను చేశాను, తప్పు చేశాను. అమ్మాయి గొంతు సన్నం అన్నది కూడా నేనే. ఆ మాట పట్టుకునే మీకు అలా చెప్పింది."

ముప్పయ్యేళ్ళలో నా పనిలో తప్పుందని ఏ మనిషితోనూ అనలేదు. తప్పులు లేక కాదు. నోరు రాలేదు.

ఆయన సంచి సర్దుకున్నాడు. "పోన్లెండి, వైర్లన్నాక జరుగుతాయి. అయితే గొంతు బాగుంటుందంటారా?"

బాగుంటుందండీ అనడానికి నోరు తెరిచాను. కన్నతండ్రి ఎవడైనా అదే అంటాడు. ఆ పాట నేను తక్కువలో తక్కువ వందసార్లు మోగించాను. గరగర ఉందా లేదా చెప్పగలను, హోరు ఉందా లేదా చెప్పగలను. ఇందాక ఎదురుగా పాడినప్పుడు కూడా లైట్లే చూశాను. అందులో ఒక్క మాట, ఒకే ఒక్క మాట గుర్తు తెచ్చుకుందామని చూశాను. ఏమీ రాలేదు.

"తెలీదండీ" అన్నాను. "నేను వినలేదు."

"అదేంటండీ! ఆ పాట మీ మీద కట్టిందే కదా. చేతిపనుల వాళ్ళ మీద నాటకం వేస్తున్నాం, మా నాన్న మీద ఒక పాట ఉందని మొదటిరోజే చెప్పింది."

అప్పుడే షట్టరు వెనకాల డోలు మొదలైంది. నాలుగు దెబ్బలు పడ్డాక అమ్మడు అందుకుంది. మేష్టారు మాట ఆపేశాడు.

ఊళ్ళో పెట్టెలన్నీ తెచ్చి మా నాన్న ముందు పెడతారు, ఒక్కో పెట్టె నోరు విప్పి ఒక్కో ఊసు చెబుతుంది అని పాడింది. ఆ గొంతు సన్నం కాదు. కొంచెం బొంగురు ఉంది, ఇప్పుడే ఏడ్చింది కదా. కింద ఆగి పైకి వెళ్ళేటప్పుడు మా అమ్మ గొంతులా ఉంది. ఇన్నేళ్ళలో నాకు ఆ సంగతి తెలియదు. తర్వాతి చరణంలో, మా నాన్న నోరు విప్పితే మాత్రం పెట్టెలన్నీ మూగబోతాయి అని పాడింది. అక్కడ పాటలోనే ఒక నవ్వు ఉంది. లోపల మా ఆవిడ కూడా నవ్వింది, రికార్డులో పడుతుందని కూడా చూసుకోకుండా.

మేష్టారు నవ్వాపుకుంటూ నా వైపు చూశాడు. చూసి, మొహం తిప్పుకుని, స్కూటరు అద్దం తుడవడం మొదలుపెట్టాడు. నేను చొక్కా చేతులతో కళ్ళు తుడుచుకున్నాను.

పాట అయిపోయింది. షట్టరు కింద నుంచి మా ఆవిడ తల వంచి, "ఇక లోపలికి రావచ్చు" అంది.

"వద్దు" అన్నాను. "మేష్టారు వస్తారు లోపలికి. నేను ఇక్కడ్నుంచే వింటాను, దాన్ని ఇంకోసారి పాడమను."